మూడు అంకెలు

లోరియాన్‌లో నవంబరంటే
గోడలకు కూడా చెమటపట్టే నెల.
ఓడరేవు మీంచి వచ్చే గాలి
పిండని బట్టలా కిటికీకి అతుక్కుంటుంది.

అలాంటి నెలనే ఎంచుకుంది నోల్వెన్ మేడమ్
విద్యుదావేశాల పాఠానికి.
"తడిలో ఆవేశం నిలవదు కదా" అన్నాను.
పరికరాలు తుడిచేవాణ్ణి, ఆమాత్రం తెలుసు.
"నిలవదనే" అంది, గొడుగు దులుపుతూ.

ఒక గాజు పెట్టె.
అందులో నిలువునా, వెంట్రుకకన్నా సన్నని వెండి తీగ.
తీగకు వేలాడుతూ లక్క పూసిన గడ్డిపుల్ల,
పుల్ల కొసన కందిగింజంత బెండు బంతి.
ఆ పుల్ల ఒక పక్కకి ఒరగకుండా కట్టడానికి
పదకొండు రోజులు పట్టింది నాకు.
రెండు తీగలు తెగాయి.
మూడోది కట్టేటప్పుడు రేడియో కూడా కట్టేశాను.

బోర్డు మీద సుద్దతో రాసిందామె:
ముప్పయ్యారు. పద్దెనిమిది. ఎనిమిదిన్నర.

"రెండువందల నలభై ఏళ్ల కిందట
సైన్యంలో కోటలు కట్టిన ఇంజనీరొకాయన
పారిస్‌లో చదివిన డిగ్రీలివి.
రెండు బంతులకూ ఒకే ఆవేశం,
అందుకే ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి.
ఆ దూరం సగం చేయడానికి
తీగను నూట ఇరవయ్యారు మెలిపెట్టాడు.
మళ్లీ సగానికి దగ్గర చేయబోతే
అయిదువందల అరవయ్యేడు.
దూరం సగమైతే, మొండితనం నాలుగింతలు."

"తర్వాత?" అన్నాడు బకారీ.
"తర్వాతేం లేదు. ఆ వ్యాసంలో అచ్చయినవి ఈ మూడే."

తరగతి గొల్లుమంది.
"మూడు కొలతలకే సూత్రమా?
మా అమ్మ రేవులో సార్డిన్లు కొనేటప్పుడు
ఇంతకన్నా ఎక్కువసార్లు తూయిస్తుంది."

మేడమ్ కసరలేదు.
బోర్డు మూలన రాసిపెట్టింది: బకారీ – మూడేనా?
వారమంతా ఎవర్నీ చెరపనివ్వలేదు.

ఆ వారంలోనే తక్కినవాళ్ల సంగతీ చెప్పింది.
ఎడింబరోలో ఒకాయన అంతకుముందే
బరువుతో తూచి, రెండు దగ్గర ఆగాల్సినవాడు
రవ్వంత ముందుకెళ్లాడని.
లండన్‌లో ఇంకొకాయన గోళంలో గోళం దాచి
చక్కగా తేల్చుకుని
ఎవరికీ చెప్పకుండా కాగితాలు లోపల పెట్టేస్తే
అవి నూరేళ్లు నిద్రపోయాయని.
"ఎందుకు చెప్పలేదు?"
"ఏమో. నాకూ అడగాలనే ఉంది."

శుక్రవారం కాస్త ఎండ మొహం చూపించింది.
ఇంటినించి హీటరు తెచ్చి గాజుని వెచ్చబెట్టాను.
రుద్దిన కడ్డీ తాకించగానే
బంతి ఉలిక్కిపడి పక్కకి జరిగింది.
పాతికమందీ పెట్టెమీద పడ్డారు.
ముప్పయ్యొకటి! కాదు, నలభైనాలుగు!
కాదు కాదు, ఇరవయ్యెనిమిది!
అంకె ఒకచోట నిలిస్తే ఒట్టు.
నా తీగే పాడైందనుకుని
చెవులు వేడెక్కాయి నాకు.

వెనక బెంచీలో, ఎప్పట్లాగే
నోరు విప్పని ఎనోరా అంది:
"బకారీ వంగినప్పుడల్లా కదులుతోంది."
వాడి నైలాన్ కోటు.
ఈమె ఊలు టోపీ. వాళ్ల జుట్లు.
కొలవడానికొచ్చిన మేమందరం
తలా ఒక వేలు పెట్టి
ఆ కందిగింజను నెడుతున్నాం, ముట్టుకోకుండానే.

అందరం గోడదాకా వెనక్కి నడిచాం.
పిట్టల్ని చూసే నా బైనాక్యులర్
చేతులు మారింది.
బంతి ఊగి, ఊగి, సర్దుకుంది.

ముప్పయినాలుగు, అంది ఎనోరా.
మేడమ్ వెళ్లి తీగ మెలిపెట్టి, వచ్చి నిలబడింది.
పంతొమ్మిది.
మూడోసారి మెలిపెట్టేలోపు
పైకప్పు మీద టపటపమని మొదలైంది.
బంతి ఏదో మరిచిపోతున్నట్టు
మెల్లగా, మెల్లగా వెనక్కి వచ్చేసింది.

నోటుపుస్తకంలో మూడో అంకె ఉండాల్సిన గడిలో
బకారీ 'వాన' అని రాశాడు.
మేడమ్ దానికీ టిక్కు పెట్టింది.

సాయంత్రం పెట్టెకు గుడ్డ కప్పబోయాను.
దగ్గరికెళ్లగానే
బంతి నావైపు ఒక్క వెంట్రుకవాసి తిరిగింది.
నా స్వెటరు కాబోలు.
ఒక అడుగు వెనక్కేశాను. ఇంకొకటి.
ఎంత దూరాన నిలబడితే
అది నన్ను లెక్కపెట్టడం మానేస్తుందో
చూద్దామనుకున్నాను గానీ,
చివరి బస్సు ఆరున్నరకి.